కాలువ పెద్ద ఇసుక దిబ్బ ఎక్కిన రోజు

మా ఎలోయ్ బావ కిందటేడు దుంపల కోతలప్పుడు కొట్టు కప్పు మీంచి పడ్డాడు. బంగాళాదుంపలు నిలవ ఉంచే కొట్టు, సగం నేల్లోకి ఉంటుంది, అంత ఎత్తేం కాదు. నా మొగుడు ఫెర్మిన్ అంతకంటే ఎత్తు నుంచి తాగి పడి, లేచి, టోపీ వెతుక్కుని ఇంటికొచ్చాడు. బావకు మాత్రం వెన్నెముక దెబ్బతింది, నడుం నుంచి కిందికి స్పర్శ పోయింది. ఎవర్ని ఎక్కడ పడెయ్యాలో ఆ దేవుడికి ఓ పద్ధతంటూ లేదని నేను ఆస్పత్రిలోనే అన్నాను. మా అక్క క్లియోఫాస్ నన్ను నోరు ముయ్యమంది.

అప్పట్నుంచి బావ తన ఒంటి మీద ఎవరి చెయ్యీ పడనివ్వడు. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి ట్రక్కులోకి, అన్నీ తనే. పళ్ళు బిగించి, చెమటలు కక్కుకుంటూ ఒళ్ళు ఈడ్చుకుంటాడు. అక్క పక్కన నిలబడి చూస్తూ ఉండాలి, అంతే. చెయ్యి చాపితే "నేనింకా చావలేదు" అంటాడు. కుర్చీ వెనక తోయడానికి పిడులుంటాయి కదా, వాటిని రంపంతో కోసి పారేశాడు. ఒకళ్ళు తోస్తే కదిలేది చెత్తబండి అన్నాడు. ఆ పిడులు చెత్తబుట్టలో కనిపించిన రోజు మా అక్క నాకు ఫోన్ చేసి ఆ మాటొక్కటి చెప్పి పెట్టేసింది.

మనిషి మంచివాడే. అదే నా ఒళ్ళు మండించేది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

మా ఊరి కాలువకు ఆయనే పెద్ద. మా లోయ బతికేది కొండల మీద మంచు కరిగి వచ్చే నీళ్ళ మీదే. ఏటా వసంతం రాగానే పొలమున్న ప్రతి ఇంటివాళ్ళూ పార పట్టుకుని కాలువ పూడిక తియ్యాలి. కాలువ పెద్ద చేతికర్రతో గట్టు మీద గీతలు గీసి వంతులు పంచుతాడు. ఎవరి వంతు వాళ్ళు తవ్వుతారు. అందరిదీ అయ్యాక ఆయన "వుయెల్తా" అని కేక పెడతాడు, పారలు భుజాన వేసుకుని అందరూ పైకి జరిగి కొత్త వంతుల్లో నిలబడతారు. అట్లా కింది పొలాల దగ్గర మొదలుపెట్టి పై తూము దాకా పోతారు. తూము తలుపు ఎత్తగానే నీళ్ళు కాళ్ళ మీదుగా కిందికి పరిగెత్తుతాయి, మనుషులు బీర్లు తాగి ట్రక్కుల్లో ఇళ్ళకు పోతారు. ఈ ఏడాది బావ పూడికకు రాలేదు. ట్రక్కులో కూర్చుని నోటితో చెప్పినా చాలని ఊరివాళ్ళు ఇంటికొచ్చి బతిమాలారు. "దిష్టిబొమ్మ కావాలంటే గడ్డితో చేసుకోండి" అని తలుపేసుకున్నాడు. పూడిక ఎట్లా జరిగిందంటారా, ఇప్పటికీ నీళ్ళు మా చేను దాకా సరిగ్గా రావడం లేదు.

మే నెలాఖరున, పోయినవాళ్ళను తలుచుకునే సెలవు రోజున, మా వాళ్ళందరం పొద్దున్నే స్మశానానికి పోయి సమాధుల మీద కలుపు పీకి, పూలు పెట్టి, అక్కణ్ణుంచి ఇసుక కొండల పార్కుకు పోతాం. చచ్చినవాళ్ళ దగ్గర్నుంచి తిన్నగా ఆటలకేంటని బయటివాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. ఏం, మా నాన్నకు ఆ ఇసుకలో జారడమంటే ఎంత ఇష్టమో వాళ్ళకు తెలుసా.

ఆ పొద్దున సమాధుల దగ్గరే అక్క ఆ మాట అంది. బావ రోడ్డు మీద ట్రక్కులోనే ఉన్నాడు. వాళ్ళమ్మాయి హొవీటా, నా మొగుడూ పంపు దగ్గర నీళ్ళు పడుతున్నారు. అక్క, నేనూ బావ వాళ్ళ నాన్న సమాధి మీద మోకాళ్ళ మీద కూర్చుని ముళ్ళకంప లాగుతున్నాం.

"ఓర్లిండా," అంది అక్క, తలెత్తకుండానే. "పార్కు దగ్గర కూడా ఆయన ట్రక్కు దిగకపోతే నేనింక అడగను."

"అంటే?"

"అంటే అడగనంతే. భోజనానికి రా అనను, బయటికి పోదామా అనను, రాత్రి కాళ్ళు నొక్కనా అనను. వండి పెడతాను, బట్టలుతుకుతాను. ఇంక అడగలేను. అడిగినప్పుడల్లా మొహం మీద తలుపు వేయించుకుని వేయించుకుని నాకు చాలైపోయింది."

మా అక్క బెదిరించే రకం కాదు. అన్నదంటే చేస్తుంది. చిన్నప్పుడొకసారి మా అమ్మ మీద అలిగి, చక్కెర వేసుకోనంది. ఇవాళ్టికీ కాఫీ చేదుగానే తాగుతుంది. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఒకరినొకరు ఏమీ అడుక్కోని ఇద్దరు మనుషులు. అట్లాంటి ఇళ్ళు మా ఊళ్ళో ఉన్నాయి, బయటి నుంచి చూస్తే చక్కగానే ఉంటాయి.

పార్కు చేరేసరికి బండ్లు కిటకిటలాడుతున్నాయి. మంచు బాగా కరిగే రోజులు, వాగు నిండుగా ఉంది. ఆ వాగుదో విచిత్రం. నీటి అడుగున ఇసుక కట్టల్లా పేరుకుని, కాసేపటికి తెగుతుంది. తెగినప్పుడల్లా సముద్రంలో లాగా అల వస్తుంది. పిల్లలు గాలి నింపిన ట్యూబుల మీద పడుకుని అల కోసం కాచుకుంటారు. వాగు అవతల ఇసుక దిబ్బలు, వాటి మీద చీమల్లా జనం, చెక్కల మీద జారేవాళ్ళు, బోర్లా పడేవాళ్ళు. లోయలో సగం మంది అక్కడే ఉన్నారు. ఇంతమంది ఎదుట బావ దిగడని నాకు చూస్తూనే తెలిసిపోయింది.

హొవీటా, ఫెర్మిన్ ఆఫీసు దగ్గరికి పోయి ఇసుకలో నడిచే చక్రాల కుర్చీ అడిగి తెచ్చారు. ఉత్తినే ఇస్తారు. చక్రాలు పెద్ద పెద్ద బెలూన్లలా ఉంటాయి, ఇసుకలో కూరుకోవు. ఒకటే చిక్కు. కూర్చున్నవాళ్ళు తమంతట తాము తిప్పుకోవడానికి ఆ చక్రాలకు పట్టు ఉండదు. వెనక నుంచి ఒకళ్ళు తొయ్యాల్సిందే.

బావ కిటికీలోంచి దాన్ని అటూ ఇటూ చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. అమ్మకానికొచ్చిన ఆవును చూసినట్టు చూస్తాడు.

"మీరు పోయి రండి," అన్నాడు. "నేను రేడియో వింటా."

హొవీటాకు పదహారేళ్ళు, ఆ వయసుకు తగ్గ మూతి ఉంది. ఆ మూతి ముడుచుకుని, "నాన్నా, నిన్ననే ఫోన్ చేసి చెప్పి పెట్టించా," అంది.

"మంచి పని చేశావు. మీ బాబాయిని కూర్చోబెట్టి తొయ్యి. వాడికి కాళ్ళున్నా ఎటూ కదలడు కదా."

"అన్నా, నేను రెడీ," అని ఫెర్మిన్ నిజంగానే కూర్చోబోయాడు. సిగ్గులేని మనిషి. నేను డొక్కలో పొడిచాను.

అక్క తిండి పెట్టె ఎత్తుకుని, గొడుగు చంకలో పెట్టుకుని వాగు వైపు నడిచింది. వెనక్కి చూడలేదు. నేను కాస్త దూరం పోయి ఆగిపోయాను. చూడండి, నాకు ఓపిక తక్కువ. నా పని కాదని తెలిసిన చోట కూడా నా కాళ్ళు ఊరుకోవు. తిరిగొచ్చి ట్రక్కు తలుపు తీసి, లోపలికెక్కి, రేడియో కట్టేశాను.

"ఏంటి మరదలా, నా రేడియో మీద పడ్డావు," అన్నాడు బావ.

"అక్క ఓ మాటంది. నీకు చెప్పమని కాదు."

"ఐతే చెప్పకు."

"నువ్వు ఇవాళ దిగకపోతే ఇంక నిన్ను ఏదీ అడగదట. ఎప్పటికీ."

బావ ముందద్దంలోంచి ఎదురుగా చూస్తున్నాడు. అక్క గొడుగు పాతడానికి గాలితో కుస్తీ పడుతోంది. సాయం చెయ్యడానికి పక్కన ఎవరూ లేరు. ఫెర్మిన్ ఆమె వెనకే నిలబడి బిస్కెట్లు తింటున్నాడు.

"ఎప్పుడంది?"

"పొద్దున. మీ నాన్న సమాధి మీద ముళ్ళకంప పీకుతూ."

"మా నాన్న సమాధి మీదా?"

"మరి నువ్వు పీకావా?"

ఆ మాట గట్టిగానే తగిలింది, తగలాలనే అన్నాను. బావ కిటికీ అంచు మీద బొటనవేలితో గీస్తూ కూర్చున్నాడు. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ముసలివాడిలా కనిపించాడు, నాకే జాలేసింది.

"దాన్ని తలుపు దగ్గరికి తే," అన్నాడు చివరికి. "ముట్టుకున్నావంటే మాత్రం ఊరుకోను."

ముట్టుకోలేదు. బెలూన్ చక్రాలు కదలకుండా పట్టుకుని నిలబడ్డానంతే. సీటు మీంచి కుర్చీలోకి ఆయన ఒళ్ళు దించుకునే లోపల పక్క బండిలోవాళ్ళు దిగి, సామాను దించుకుని, కుక్కను కట్టేసుకుని వెళ్ళిపోయారు కూడా. బావ కుర్చీలో సర్దుకుని, రెండు కాళ్ళనూ చేతులతో ఎత్తి పెట్టుకుని, టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

"తొయ్యి," అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనది నేనెప్పుడూ వినలేదు.

మమ్మల్ని చూసి అక్క గొడుగు వదిలేసింది. అది దొర్లుకుంటూ పోయింది, ఫెర్మిన్ దాని వెంట పరిగెత్తాడు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. లేదు. చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, "నీళ్ళలోకి పదండి, ఇక్కడ ఎండగా ఉంది," అంది, రోజూ చేసే పనే అన్నట్టు.

వాగులో కుర్చీ పడవలా పోయింది. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పైగా ఆ బెలూన్లు తేలతాయి. నడిమధ్యకు పోయాక అల వచ్చి తగిలి కుర్చీ అటూ ఇటూ ఊగింది. బావ చేతులు బిగించి పట్టుకున్నాడు. నీళ్ళు ఆయన మోకాళ్ళ దాకా ఎక్కి దిగాయి. ఆయన వంగి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"చల్లగా ఉన్నాయా?" అని అక్కను అడిగాడు.

"ఉన్నాయి," అంది అక్క. "వేళ్ళు కొరికేస్తున్నాయి."

"ఎప్పుడూ అంతే," అన్నాడు బావ. తల ఊపాడు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. నాకు అట్లాంటివి తట్టుకునే శక్తి లేదు.

అవతలి ఒడ్డున హొవీటా దిబ్బ మీంచి జారుతోంది. ఒక చెక్క అద్దెది, ఇంకోటి బావ తన చేత్తో చేసింది. పాత వంటింటి బల్ల పైనుండే నున్నటి ఫార్మికా పలకను అడుగున బిగించాడు. దానికి మైనం పూసి జారితే అద్దె చెక్కలు దాని కాలిగోటికి సరిపోవు. ఆ దిబ్బ మరీ పెద్దదేం కాదు, మూడంతస్తుల మేడంత ఉంటుంది. ముందు వైపు నిటారు, వెనక వైపు గాలికి గట్టిపడ్డ వాలు. బావ మెడ వెనక్కి వంచి దాని కొమ్ము వైపే చూస్తున్నాడు.

"పైకి తీసుకుపోదామా అన్నా?" అన్నాడు ఫెర్మిన్. వాడు ఆలోచించి మాట్లాడడు, అప్పుడప్పుడూ అదే మంచిది.

బావ ఔననలేదు, కాదనలేదు. కాదనకపోవడమే గొప్ప.

చెప్పులన్నీ వాగు ఇవతలే ఉన్నాయి. ఎవరు పట్టించుకున్నారు? పొద్దుటి ఇసుక చల్లగా, పాదాలకు హాయిగా ఉంది. ట్రక్కులోంచి తాడు తెచ్చి కుర్చీకి కట్టి, అక్క, నేను, ఫెర్మిన్, హొవీటా నలుగురం ఒక్కసారిగా లాగాం. కుర్చీ పక్కకు తిరిగింది. మళ్ళీ లాగాం. ఫెర్మిన్ పడ్డాడు, వాడి మీద నేను పడ్డాను. ఇంకోసారి లాగితే మొదలుపెట్టిన చోటికంటే కిందికి వచ్చాం. వాగులో పిల్లలు ఆట మానేసి మమ్మల్నే చూస్తున్నారు. బావ దవడలు బిగిసిపోయాయి. అయిపోయింది, ఇంక వెనక్కి తిప్పమంటాడు అనుకున్నాను.

"ఆపండి," అన్నాడు. "ఇదేం పనయ్యా. కాలువ మీద ఇట్లా చేసేవాణ్ణి పారతో సహా ఇంటికి తోలేవాణ్ణి."

"మరి చెప్పరాదూ ఎట్లా చెయ్యాలో," అన్నాను నేను ఆయాసపడుతూ. "నోటికేమైంది, అది పడిపోలేదుగా."

అక్క నా వైపు గుడ్లురిమి చూసింది. బావ మాత్రం నవ్వాడు. మూతి ఓ పక్కకు వెళ్ళిందంతే, కానీ నవ్వే.

"మీ బాబాయి పట్టుకొచ్చిన గొడుగు కర్ర పీకి తే హొవీటా. ముందు వైపు కాదు, వెనక వాలు మీద పోవాలి. అదిగో, గాలి గీతలున్న చోట ఇసుక గట్టిగా ఉంటుంది. అక్కడొక గీత గియ్యి. దాని పైన, గడ్డి పరక ఉంది చూడు, అక్కడింకోటి. నలుగురూ ఒకేసారి లాగడమేంటి, పెళ్ళి ఊరేగింపా? ఒక వంతు క్లియో, ఫెర్మిన్. తర్వాతి వంతు ఓర్లిండా, పిల్లా. లాగనివాళ్ళు చక్రం వెనక మోకాలు పెట్టి కాచుకోండి, వెనక్కి జారకుండా."

మొదటి వంతు అక్క, ఫెర్మిన్ లాగారు. గీత దాకా వచ్చాం. బావ గొంతు సవరించుకుని, "వుయెల్తా" అన్నాడు, మామూలుగానే. రెండో వంతుకు కాస్త గట్టిగా. మూడో వంతుకు వాగులో సగం మంది తలెత్తి చూశారు. అప్పటికి ఆయన టోపీ వెనక్కి జరిగింది, చెయ్యి గాల్లో ఉంది. ఫెర్మిన్‌ను సోమరిపోతన్నాడు, నన్ను నోటితో లాగేదానివన్నాడు, హొవీటాను మెచ్చుకున్నాడు. అక్కను ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ తాడు పట్టుకున్నప్పుడల్లా ఆవిడ వీపునే చూస్తున్నాడు.

ఎక్కాం. ఎక్కి, నలుగురం దిబ్బ కొమ్ము మీద కూలబడ్డాం. అరచేతులు బొబ్బలెక్కాయి. కింద వాగు, అవతల ట్రక్కులు, దూరంగా కొండల మీద మిగిలిన మంచు. బావ అన్నిటినీ మార్చి మార్చి చూస్తున్నాడు. బాగుందన్నాడు. మేమంతా కాసేపు ఎందుకో ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నాం. దేనికో తర్వాతగానీ తట్టలేదు. మా వాళ్ళకు పనంటే కింది నుంచి పైకి పోవడమే. పైకి పోయాక ఎవడో తూము తలుపు ఎత్తుతాడు, దిగేది నీళ్ళు. మనుషులు ఎట్లా దిగాలో ఆలోచించే అలవాటే మాకు లేదు.

ముందు హొవీటా, "అబ్బా, కాలుతోంది," అంది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. వెనక వాలు మీద, మేమెక్కిన దారంతా పెనంలా మారింది. ఆ ఇసుక మధ్యాహ్నం ఏం చేస్తుందో మాకు తెలియంది కాదు. ఏటా ఎవడో ఒక బయటివాడు బొబ్బలతో కుంటుతుంటే చూసి నవ్వేవాళ్ళం. ఈసారి మా వంతొచ్చింది. పై పొరను చేత్తో తోసేస్తే అడుగున తడి ఇసుక చల్లగా ఉంటుంది. నలుగురం తలా ఒక గుంట తవ్వుకుని అందులో పాదాలు పెట్టుకుని నారుమొక్కల్లా నిలబడ్డాం. కుర్చీకేమో బ్రేకు లేదు. అలిసిపోయిన చేతులతో, కాలే పాదాలతో దాన్ని దించుతూ పట్టు తప్పితే ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు.

బావ అందరి పాదాలనూ చూశాడు. మొహంలో వెలుగు మెల్లగా ఆరిపోవడం నేను కళ్ళారా చూశాను.

"తప్పు నాది," అన్నాడు. "నడిపించినవాణ్ణి నేను. దిగే సంగతి చూసుకోవాల్సింది నేనే."

"ఫర్లేదు నాన్నా, నేను జారి పోయి చెప్పులు తెస్తా," అంది హొవీటా.

"తే. తెచ్చాక మీరంతా దిగిపోండి. ఆఫీసులో చెబితే మనుషుల్ని పంపుతారు. వాళ్ళొచ్చి నన్ను మోసుకుపోతారు." గొంతు మళ్ళీ ట్రక్కులో ఉన్నప్పటి గొంతైపోయింది. "సామాను మోసినట్టు."

హొవీటా అద్దె చెక్క మీద జారిపోయింది. ఫెర్మిన్ నేల చూపులు చూస్తున్నాడు. ఇంటికి పోయాక ఆయన మళ్ళీ తలుపేసుకుంటాడు, ఈసారి ఇంక తియ్యడు, మా అక్క ఇంక అడగదు. అంతా మేమే చేతులారా ఈడ్చి ఇక్కడిదాకా తెచ్చాం.

అప్పుడు మా అక్క గుంటలోంచి కాళ్ళు తీసింది. హొవీటా పైకి తెచ్చి పడేసిన బావ చెక్కను లాక్కొచ్చి దిబ్బ అంచున, నిటారుగా ఉన్న వైపు పెట్టింది. దాని మీద వెనగ్గా కూర్చుంది. రెండు కాళ్ళూ చాపి, ముందున్న ఖాళీ చోటు మీద చేత్తో కొట్టింది.

"రా," అంది.

మా అక్క పుట్టి బుద్ధెరిగాక ఇసుక మీద జారలేదు. ఎత్తంటే ఆవిడకు చచ్చేంత భయం. దుంపల కొట్టు నిచ్చెన కూడా ఎక్కదు. ఏటా మేమంతా జారుతుంటే కింద గొడుగు పట్టుకుని తిండికి కాపలా కాసే మనిషి. పెదాలు పాలిపోయి ఉన్నాయి, కిందికి చూడకుండా బావనే చూస్తోంది.

"నీకు భయం కదా," అన్నాడు బావ.

"ఔను, భయమే. వచ్చి కూర్చో."

"పట్టుకోలేవు. నా నడుం నిలబడదు క్లియో. వెనక్కి వాలిపోతాను."

"వాలు. ఎందుకు కూర్చున్నాననుకున్నావు ఇక్కడ?"

బావ కుర్చీ అంచులు పట్టుకున్నాడు. ఫెర్మిన్ సాయానికి ఒకడుగు వేయబోతే నేను వాడి చొక్కా పట్టుకుని ఆపాను. తర్వాత ఆయన కుర్చీ మీంచి చేతుల మీద ఒళ్ళు దించుకుని, ఆ వేడి ఇసుక మీద ఈడ్చుకుంటూ వెళ్ళి చెక్క ఎక్కాడు. కాళ్ళు ఒకటొకటిగా ఎత్తి ముందుకు పెట్టుకున్నాడు. అక్క ఆయన చంకల కింది నుంచి చేతులు పోనిచ్చి రొమ్ము మీద వేళ్ళు పెనవేసింది. ఆయన ఇంకా నిటారుగా ఉండాలని చూస్తున్నాడు, మెడ నరాలు ఉబ్బాయి. మెల్లగా వెనక్కి వాలాడు. తల ఆవిడ భుజం మీద పడింది. అక్క కళ్ళు మూసుకుంది.

"తొయ్యి ఫెర్మిన్," అంది.

తోశాడు. ఆ చెక్క సంగతి చెప్పాను కదా. అక్క గొంతు చించుకుని అరిచిన కేక అవతల ట్రక్కుల దాకా వినిపించి ఉంటుంది. సగం దాకా తిన్నగా పోయారు. అక్కణ్ణుంచి చెక్క పక్కకు తిరిగింది, ఇసుక లేచింది, ఇద్దరూ విడిపోయి దొర్లుతూ వాగు ఒడ్డున తడి ఇసుకలో ఆగారు. కదలడం లేదు.

నేను ఆగలేదు. ఆ నిటారు వాలు మీద మోకాళ్ళ దాకా కూరుకుపోతూ, అరికాళ్ళు కాలుతున్నా, పడుతూ లేస్తూ పరిగెత్తాను. వాళ్ళకేమైనా అయితే నాదే పాపం, నేనే ట్రక్కు తలుపు తీశాను, నేనే నోరు జారాను. వెనక్కి చూస్తే, ఫెర్మిన్ పాదాలు కాలకుండా పైన ఆ కుర్చీలోనే హాయిగా కూర్చుని ఉన్నాడు.

దగ్గరికి పోయేసరికి వినిపించింది. బావ నవ్వుతున్నాడు. వెల్లకిలా పడి, నోట్లో ఇసుక ఉమ్ముకుంటూ, కళ్ళెంట నీళ్ళు కారుతుంటే నవ్వుతున్నాడు. అక్క ఆయనకు కాస్త దూరంలో బోర్లా పడి ఉంది. తలెత్తి, జుట్టు మొహం మీంచి తోసుకుని, ఆయన బతికే ఉన్నాడా అని చూసి, మళ్ళీ ఇసుకలో మొహం పెట్టేసుకుంది. ఆవిడ వీపు అదురుతోంది. ఏడుపో నవ్వో నేను అడగలేదు.

హొవీటా చెప్పులు చేతబట్టుకుని నీళ్ళలోంచి పరిగెత్తుకొస్తూ ఆగిపోయింది. వాగులోంచి ఒక అల వచ్చి బావ కాళ్ళ మీదుగా పోయింది. ఆయన నవ్వడం ఆపాడు. మోచేతుల మీద లేవబోయాడు, తడి ఇసుకలో చేతులు దిగబడ్డాయి. ఇంకోసారి ప్రయత్నించాడు. మూడోసారి ప్రయత్నించబోయి మానేసి, వెనక్కి పడుకుని ఆకాశం వైపు చూశాడు.

"క్లియో," అన్నాడు.

"ఊఁ."

"లేపవే నన్ను."

అక్క మోకాళ్ళ మీద పాకుతూ ఆయన దగ్గరికి పోయింది. చొక్కా కొస తడిపి ఆయన కళ్ళ మీది, మూతి మీది ఇసుక తుడిచింది. నేను ఏడ్చేశాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఆవిడ ఆయన చేతులు రెండూ తన మెడ చుట్టూ వేసుకుని ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది. ఇద్దరూ మళ్ళీ ఇసుకలో పడ్డారు.

నేను ముందుకు పోయి బావ వీపు కింద చెయ్యి పెట్టాను. ఆయన నా వైపు చూశాడు. వద్దనలేదు.